దాటిన రాయి

పోశాలు కుడికాలు రాయిని దాటింది. వెనకే ఎడమకాలూ దాటింది. ఆ తర్వాత అంతా చదును నేల. అయినా కుడికాలు మళ్ళీ మోకాలెత్తు లేచి, ఏమీ లేని చోట ఏదో దాటి, దబ్బున కింద పడింది.

మెట్ల మీద కూర్చున్న మొగిలి వేపపుల్ల నమలడం ఆపాడు.

ల్యాబు పెరట్లో ఇంకో ముగ్గురున్నారు. ఎవరూ గమనించలేదు. ఒకతను ఫోన్లో ఉన్నాడు, ఒకామె కంప్యూటర్లో ఉంది. మూడో మనిషి, పోశాలు పెళ్ళాం కొంరమ్మ, మొగుడి మొహం చూస్తూ కండ్లు తుడుచుకుంటోంది. నడిచే మనిషి మొహమే ఎవరైనా చూస్తారు. మొగిలి ముప్పై ఏళ్ళుగా తాటిచెట్లెక్కుతున్నవాడు. చెట్టు కింద నిలబడి పైవాణ్ని చూస్తే కనబడేవి అరికాళ్ళే. పాదం చూసి మనిషెవరో, ఎంత తాగాడో, ఇంట్లో ఎవరితో పోట్లాడి వచ్చాడో చెప్పగలడు.

"ఏందే, గట్ల చూస్తవు?" అన్నాడు పోశాలు చెమట తుడుచుకుంటూ.

"నీ కాలు లేని రాయి దాటింది."

"నీ కండ్లు లేని తప్పు చూసినయి."

కొంరమ్మ ముక్కు చీది, "నడవంగ చూసి సంబురపడాలె గని బావా," అంది.

మొగిలి మళ్ళీ తమ్ముడి కాళ్ళ వైపే చూశాడు. అన్నదమ్ముల మధ్య సంబురం పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఆ ఏడు పోశాలు తాటిచెట్టు మీంచి పడి వెన్ను విరగ్గొట్టుకున్నాడు. నడుము కింద రెండు కాళ్ళూ చచ్చాయి. వాళ్ళ ఊరు ఎర్రకుంటపల్లె కల్లుగీత సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కలేని వాడి చెట్లను దగ్గరి చుట్టం గీసుకుంటాడు. నాలుగేళ్ళలోపు ఆ మనిషి అందరి ముందు చెట్టెక్కి చూపితే చెట్లు మళ్ళీ అతనివి. ఎక్కకపోతే గీసుకుంటున్న వాడివే. పోశాలు చెట్లు ఇరవై ఎనిమిదీ మొగిలి గీస్తున్నాడు. ఉగాదికి గడువు తీరుతుంది.

ల్యాబు వాళ్ళు మనిషిని ఎత్తగలిగిన మగతోడు కావాలన్నారు. ఇంకెవరూ దొరకలేదు. బస్సెక్కిన రోజే పోశాలు అన్నాడు: "అందరు ఇంటికి కుక్కను కాపల పెట్టుకుంటరు. నా కర్మకు దొంగనే పెట్టుకున్న."

కంప్యూటర్ ముందున్న అమ్మాయి లేచి వచ్చింది. పేరు హిమజ. పోశాలును నడిపించే పెట్టె లోపలి ప్రోగ్రాం రాత అంతా ఆమెదే. పుర్రె కింద పరిచిన జల్లెడ లాంటిదొకటి పోశాలు ఏ అడుగు వేయాలనుకున్నాడో పసిగట్టి నడుముకు కట్టిన పెట్టెకు చెబుతుంది. పెట్టె ఆ కబురును విరిగిన వెన్ను దాటించి కాళ్ళ నరాలకు అందిస్తుంది. మొదట్లో పెట్టె బీరువా అంత ఉండి గోడ పక్కన ఉండేది. పోశాలు దాని తీగలు తగిలించుకుని ఒక గదిలోనే తిరిగేవాడు. ఈ నెలే కొత్తది వచ్చింది. సున్నపుకాయ పెట్టుకునే తోలు తిత్తంత ఉంది.

మొగిలి చూసింది చెప్పాడు. హిమజ పెట్టెకు ఒక తీగె గుచ్చి, రెండో కొస తన కంప్యూటర్‌కు పెట్టింది. పోశాలు చేత ఆ రాయిని నలభైసార్లు దాటించింది. నలభైసార్లూ కాలు రాయి ఉన్నచోటే లేచింది.

"ఏమీ లేదు," అంది.

"తీగె తీసి నడిపియ్యి మేడం."

"తీగె తీస్తే ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుంది? తీగెలోంచి వచ్చిందే రికార్డు."

"నేను చూసి చెప్తగద."

ఆమె చిన్నగా నవ్వింది. ఆ నవ్వు మొగిలికి నచ్చలేదు. అక్కడినుంచి కదల్లేదు కూడా. చివరికి ఆమె విసుగ్గా వంటశాల వైపు చెయ్యి చూపింది. గుమ్మం పక్కన నల్లబల్ల, దాని మీద గంట ఉన్నాయి.

"వంటాయన ఏం చేస్తాడు? ముందు బల్ల మీద కూర పేరు రాస్తాడు. తర్వాత గంట కొడతాడు. మీరు గంట విని బల్ల చూసి లోపలికెళ్తారు. పెట్టెలో కూడా అంతే. ఇద్దరు పనివాళ్ళు. తల దగ్గరివాడు అడుగు ఎంత ఎత్తు, ఎటు అని రాసి గంట కొడతాడు. కాలు దగ్గరివాడు గంట విని, రాసింది చదివి కాలు కదుపుతాడు. బీరువా పెట్టెలో ఉన్న చిప్ జాతి వేరు. ఏది ముందు రాస్తే అదే అవతలివాడికి ముందు కనబడేది. ఈ కొత్తది సెల్‌ఫోన్ల జాతి. కరెంటు తక్కువ తాగుతుంది, కాని వరుస పట్టింపు లేదు. గంట ముందు వినబడి, రాత తర్వాత కనబడొచ్చు. అది నాకు తెలుసు. తెలుసు గనకే రాతకీ గంటకీ మధ్య అడ్డుగట్టు వేశాను. రాత అందరికీ కనబడితే గాని గంట మోగదు. సరేనా?"

మొగిలి నల్లబల్ల వైపు చూశాడు. నిన్నటి సొరకాయ పేరు ఇంకా తుడవలేదు.

"కొట్టేటోనికి అడ్డం పెట్టినవు. మరి తినేటోనికో?"

"అంటే?"

"తినేటోడు ఆకలి మీదుంటడు. గంట మోగకముందే బల్ల చూసి పెట్టుకుంటడు. నిన్నటి కూరనే చూస్తడు. గంట మోగంగనే మల్ల చూడకుంట అదే అనుకోని పోతడు."

హిమజ నోరు తెరిచింది. చూపు ఒక్క క్షణం డైరెక్టర్ గది వైపు పోయి వచ్చింది.

"అలా జరగదండీ," అని తీగె చుట్టేసుకుంది.

ఆ చూపు ఎందుకు పోయిందో మొగిలికి తెలియలేదు. పోయిందని మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

సాయంత్రం డైరెక్టర్ చక్రపాణి పిలిపించాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఎదుటివాడికి కుర్చీ చూపించడు.

"చూడు పెద్దాయనా. ఈ పెట్టె మీద లక్షా నలభైవేల అడుగులు రికార్డయ్యాయి. ఒక్కటీ తప్పలేదు. యాభైమందికి బిగించాం. నువ్వేమో ఒక అడుగు తప్పింది అంటున్నావు."

"గచ్చు మీద నడిస్తె ఏ అడుగైన ఒక్కతీరే సారు. నిన్నటిది వేసినా ఇయ్యాల్టిది వేసినా తేడ తెల్వది. రాళ్ళల్ల నడిపియ్యిండ్రి."

"నీ తమ్ముడి చెట్లు నీ దగ్గరే ఉన్నాయట కదా?"

చక్రపాణి ముందున్న కాగితం తిరగేశాడు.

"ఇరవై ఎనిమిది," అన్నాడు చక్రపాణి. "పోశాలే చెప్పాడు. ఇక వెళ్ళు."

*

ఊళ్ళో బస్సు దిగి పోశాలు తన కాళ్ళ మీద నడిచి ఇంటికి పోయిన రోజు ఎర్రకుంటపల్లెలో కల్లు మండువ ఖాళీ అయింది. తాగేవాళ్ళంతా కల్లు లొట్లు వదిలి వెంట నడిచారు. ముసలివాళ్ళు వంగి ఆ కాళ్ళు పట్టి చూశారు. ఎవరో దిష్టికి కోడిని తిప్పి వేశారు. మొగిలి ఆఖర్న, అందరి కాళ్ళ వెనక ఆ రెండు కాళ్ళనే చూస్తూ వచ్చాడు. కాలువ గట్టు దిగి బాట మీదికి రాగానే ఎడమకాలు మళ్ళీ గట్టు దిగింది. గట్టు లేదు. పోశాలు తూలి పక్కవాడి భుజం పట్టుకున్నాడు.

"ఆగం జేస్తున్నరు, జరుగుండ్రి," అన్నాడు పోశాలు నవ్వుతూ.

అందరూ నవ్వారు.

పన్నెండు రోజులు మొగిలి పని మానుకుని తమ్ముడి అడుగులు చూశాడు. ఇంటి మెట్టు, ఒడ్డు, కాలువ, మళ్ళీ మెట్టు. కాలు పాత అడుగు వేయడం ఏడుసార్లు కనిపించింది. ప్రతిసారీ ఒకే తీరు. నేల మారినప్పుడే, కాలు ఒక పని విడిచి వేరే పని అందుకునే చోటే తప్పేది. రోజూ పొద్దుగూకే ముందు కొంరమ్మ పెట్టెకు తీగె తగిలించి, తీగెను ఫోన్‌కు పెట్టి, పోశాలును వాకిట్లో గంటసేపు నడిపించి రికార్డు పంపేది. అప్పుడు మొగిలి కావాలనే వాకిట్లో రోకలి, పీట, మొద్దు అడ్డం వేసి చూశాడు. తీగె ఉన్నంతసేపు ఒక్కసారీ తప్పలేదు.

హిమజకు ఫోన్ చేశాడు.

"మేడం, తీగె పెడితె మంచిగ నడుస్తది. తీస్తె తప్పుతది. పంతులు చూస్తున్నప్పుడు పిల్లగాడు బుద్ధిమంతుడైనట్టు."



"తీగె పెడితే పెట్టె నిదానిస్తుంది," అంది హిమజ మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు. వెంటనే గొంతు మార్చింది. "ఎక్కడం వద్దని చెప్పండి. నా మాటగా కాదు. మీ మాటగా చెప్పండి."

"నా మాట ఎవడింటడు?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

తాటిచెట్టు ఎక్కడంలో రెండే పనులు. నడుముకూ చెట్టుకూ కలిపి వేసిన మోకును పైకి జరిపేటప్పుడు ఒంటి బరువంతా కాళ్ళ మీద ఉంటుంది. కాళ్ళు చెట్టును కరిచి పట్టాలి. తర్వాత కాళ్ళను పైకి జరిపేటప్పుడు బరువంతా మోకు మీద ఉంటుంది. పట్టు, జరుగు. పట్టు, జరుగు. నేల మీద పాత అడుగు వేస్తే మనిషి తూలుతాడు. మోకు వదులై ఉన్నప్పుడు, పట్టాల్సిన కాళ్ళు పోయినసారి చేసిన పనే చేసి జరిగితే ఏమవుతుందో మొగిలి ఎవరినీ అడగనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం తమ్ముడి ఇంటికి పోయాడు. పోశాలు కొత్త మోకుకు ఆముదం పట్టిస్తున్నాడు.

"ఈయేడు ఎక్కకు."

"ఎందుకు, నీకు కల్లు గొలలు మంచిగ దిగినయా?"

"నీ చెట్లు నాకద్దు. రేపే సంఘంల చెప్త. నీ పేరు మీదనే ఉంచుమంట."

"ఎక్కనోనికి చెట్టెందుకే? దాని సూరతు చూసుకోనీకా? ఉంచుమంటడట. నా చెట్లు నాకే దానం జేస్తడట. వినవే కొంరీ, కర్ణుడొచ్చిండు."

"నీ కాలు తప్పుతంది పోశాలు."

"నాలుగేండ్లు తప్పలే. మంచంల పడి ఉన్నది. అప్పుడు నీకు మంచిగుండె."

"నోర్మూయ్."

"ముయ్య. నాలుగేండ్లు మూసిన. పొద్దుగాల నా చెట్ల కల్లు నా ఇంటి ముందట్నించే కావడేసుకోని పోతివి. ఒక్కనాడన్న తల తిప్పి చూసినవా?"

మొగిలి చూడలేదు. చూడలేకపోయాడు. ఆ రెండింటికీ తేడా ఉందని ఇప్పుడు చెప్పినా ఎవరికి కావాలి?

కొంరమ్మ లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "బావా, నేను ఈయన్ని ఎత్తి పొర్లిచ్చిన. నా నడుమిరిగింది. ఇప్పుడు లేచిండు. అడ్డం పడకు, నీ కాళ్ళు మొక్కుత. అడ్డం పడితె మాత్రం కాళ్ళు మొక్క, ఇరగ్గొడత."

*

ఉగాదికి రెండు రోజుల ముందు తాటివనంలో పొద్దున్నే సంఘం కూడింది. ఇంకా మంచు ఆరలేదు. పెద్దమనిషి బత్తిని వీరస్వామి తుండుగుడ్డ పరిచి కూర్చున్నాడు. ల్యాబు కారు కూడా వచ్చింది. హిమజ దిగింది, వెంట కెమెరా మనిషి దిగాడు.

హిమజ తీగె తీసి పోశాలు పెట్టెకు గుచ్చి, చిన్న రికార్డు డబ్బాను అతని బొడ్లో దోపబోయింది. అది చూసి మొగిలి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"అది తీసెయ్యండి మేడం," అన్నాడు కెమెరా మనిషి. "సార్ చెప్పారు కదా. తీగె కనబడితే రోగి లెక్క ఉంటాడు. గీత కార్మికుడు గీత కార్మికుడిలాగే ఉండాలి."

హిమజ ఫోన్ తీసి దూరంగా పోయి మాట్లాడింది. మాట్లాడినంతసేపూ "సార్", "సార్" అన్న మాటే వినిపించింది. తిరిగొచ్చి తీగె తీసేసింది. ఆమె వేళ్ళు వణకడం మొగిలి చూశాడు.

"మేడం, ఉండనియ్యి."

"సార్ వద్దన్నారు."

"ఎందుకు వణుకుతున్నవు?"

ఆమె మొహం తిప్పుకుంది.

మొగిలి వీరస్వామి ముందుకు పోయి నిలబడ్డాడు. "ఎక్కనియ్యకుండ్రి. ఆ పెట్టె అప్పుడప్పుడు పాత అడుగు వేస్తది. మోకు వదిలినప్పుడు గట్లయితె పానం పోతది."

"ఎవలన్న చూసిండ్రా?"

"నేను చూసిన."

వెనకనుంచి ఎవడో, "ఇరవై ఎనిమిది చెట్ల మీదికెల్లి చూసిండు," అన్నాడు. వనమంతా నవ్వింది. వీరస్వామి కూడా మీసం చాటున నవ్వాడు. "మొగిలీ, నువ్వు ఎన్నడు నాలుగు మాటలు కలిపి మాట్లాడినోనివి గాదు. ఇయ్యాల ఇన్ని మాటలొచ్చినయంటె మాకేం సమజ్ గావాలె?"

"మీకేమన్న సమజ్ గానియ్యిండ్రి. ఎక్కనియ్యకుండ్రి."

"జరుగు."

పోశాలు చొక్కా విప్పాడు. మోకును చెట్టు మొదట్లో పెట్టి, పాదాలను కలిపి ఉంచే గుజిని కాళ్ళకు తగిలించుకున్నాడు. చెట్టును రెండు అరచేతులతో తాకి నుదురు ఆనించాడు. నాలుగేళ్ళ తర్వాత తాకుతున్నాడు. భుజాలు అదురుతున్నాయి. కెమెరా మనిషి ముందుకు వంగాడు. అందరి కండ్లూ పోశాలు వీపు మీద ఉన్నాయి.

ఆ తర్వాత మొగిలికి తెలిసింది ఒక్కటే. గీతకత్తి తన చేతిలో ఉంది. మోకు రెండు ముక్కలై నేల మీద ఉంది.

ఎవరూ అరవలేదు. గుంపులోంచి ఒక మూలుగు లేచింది. మోకంటే గీసేవాడికి రెండో వెన్ను. పగవాడి మోకును కూడా దాటి నడవరు, పక్కకు తిరిగి పోతారు. తెగిన మోకుతో చచ్చిన వాళ్ళ పేరు ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒకటైనా ఉంటుంది. కోసిన వాడి పేరు మాత్రం అంతవరకు ఒక్కటీ లేదు.

మొదటి దెబ్బ ఎవరిదో మొగిలి చూడలేదు. రెండోది వీరస్వామి చెప్పుది. పడ్డాక కాళ్ళే కనిపించాయి. ఎవరి కాళ్ళు ఎవరివో అన్నీ తెలుసు. పోశాలు కాళ్ళు మాత్రం చెట్టు దగ్గరే, గుజిలో, కదలకుండా ఉన్నాయి.

"నాకో మోకియ్యుండ్రి ఎవలన్న," అంటున్నాడు పోశాలు. "ఎవలన్న ఇయ్యుండ్రి. ఎక్కుత. ఒక్క మోకు."

ఎవరూ ఇవ్వలేదు. మోకు తెగిన వనంలో నెల తిరిగే దాకా ఎవరూ ఎక్కరు. ఎక్కాల్సినవాడైనా సరే. అది గడువు కంటే పాత కట్టుబాటు.

పోశాలు గుజిలోనే కూలబడి ఏడ్చాడు. ఆరడుగుల మనిషి, ఊరంతా చూస్తుండగా.

ఉగాది పోయింది. గడువు పోయింది. సంఘం తీర్పు చిన్నది: మోకు కోసినవాడు సంఘంలో లేడు, వాడు గీసే చెట్లు వాడివి కావు. మొగిలి సొంత చెట్లూ, పోశాలు ఇరవై ఎనిమిదీ కలిపి వేరేవాళ్ళకు పంచారు. మొగిలి దగ్గర కత్తి తీసుకున్నారు. ఇంటి ముందుకు వచ్చి వీరస్వామి ఒకటే అన్నాడు: "మీ నాయిన ఉంటె ఆ కత్తితోని నీ చెయ్యి నరుకుతుండె."

కొంరమ్మ చెప్పినట్టు కాళ్ళేమీ విరగ్గొట్టలేదు. మొగిలి కనబడితే చంకలో బిందె దించి, అతను దాటిపోయేదాకా గోడ వైపు తిరిగి నిలబడేది.

*

వానలు పడ్డాక మొగిలి పత్తిచేలో కూలికి పోతున్నాడు. ఎక్కే ఒంటికి వంగే పని రాలేదు. ఆడకూలీల కంటే వెనకబడేవాడు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాడు, ఎక్కడో పట్నంలో పెట్టె కట్టుకున్న బడిపంతులు ఒకాయన మెట్లు దిగుతూ పడ్డాడని, మెడ విరిగి పోయాడని. మెట్లు అయిపోయాక కూడా కాలు మెట్టు దిగిందని చూసిన పిల్లలు చెప్పారట. పిల్లల మాట గనక ఎవరూ పట్టించుకోలేదట.

మొగిలి కలుపు తీస్తూనే ఉన్నాడు. చాలు చివర దాకా పోయాక గాని తీసింది కలుపు కాదని, పత్తి మొక్కలని చూసుకోలేదు.

ఆ మాట విన్న నాలుగో రోజున హిమజ వచ్చింది. కారు లేదు. బస్సు దిగి బురదలో నడిచి వచ్చింది. పోశాలు ఇంటి వాకిట్లో పీట మీద కూర్చుని మొగిలిని పిలిపించమంది. కొంరమ్మ పిలవలేదు. పక్కింటామె పొలానికి కబురు చేసింది. మొగిలి వచ్చి వాకిట్లోకి పోకుండా ప్రహరీ గోడ అవతల నిలబడ్డాడు.

"నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు," అంది హిమజ. "అందుకు రాలేదు. మీ పెట్టె సరిచేసి పోదామని వచ్చాను. తక్కినవాళ్ళందరి దగ్గరికీ పోతున్నాను. ఇది పదిహేనో ఇల్లు."

పోశాలు నడుము దగ్గర పెట్టెకు తీగె పెట్టింది. తల ఎత్తకుండానే చెప్పింది.

"అడ్డుగట్లు రెండుండాలి. రాసి గంట కొట్టేవాడికొకటి. గంట విని చదివేవాడికొకటి. గంట విన్నాక గాని బల్ల వైపు చూడకూడదని వాడికీ చెప్పాలి. లేకపోతే ఈ జాతి చిప్ ముందే చూసి పెట్టుకుంటుంది. మీ అన్న ఆ రోజు అడిగింది అదే. రెండూ వేశాను నేను. రెండోదానికి కరెంటు ఎక్కువ పోతోంది, బ్యాటరీ మూడు గంటలు తక్కువ వస్తోంది అన్నారు సార్. తీసెయ్యమన్నారు. తీసేశాను. తీగె పెట్టి పరీక్షిస్తే ఏమీ తప్పలేదు. రికార్డు రాసుకునే పని పడి పెట్టె నిదానించి, ఆ నిదానంలో తప్పు దాక్కుంది."

"తీయమన్నది ఆయన," అంది కొంరమ్మ.

"తీసిన చేతులు నావి."

"మరి చెట్టుకాడ నోట్ల ఏం పెట్టుకున్నవు?" అరిచింది కొంరమ్మ. "వణుక్కుంట నిలబడితివట. ఒక్క మాట అంటె ఏంబోయె?"

హిమజ పెట్టె మూత బిగించింది. తీగె తీసింది. "ఇక కాలు తప్పదు. కాకపోతే ప్రతి అడుగుకూ ముందు వెంట్రుకవాసి ఆగుతుంది. మధ్యాహ్నం ఒకసారి చార్జింగ్ పెట్టాలి."

పోశాలు పెట్టె మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"ఆనాడు ఎక్కితె పడెటోన్నా?"

"చెప్పలేను."

"రాసింది నువ్వే గద?"

"రాసినా చెప్పలేను. పని మారినప్పుడు రెండు వందల్లో ఒకసారి తప్పొచ్చు. ఒక్కోరోజు వెయ్యిసార్లకూ తప్పకపోవచ్చు. ఎండకి, బ్యాటరీకి, దేనికైనా మారుతుంది."

పోశాలు లోలోపల ఏదో లెక్క చూశాడు. "ఆ చెట్టుకు ఎక్కనీకి నలభై పట్లు. దిగనీకి నలభై. పట్టు, జరుగు రెండూ కలిపితె నూటరవై."

"అవును."

"అయితె ఎక్కి దిగెటోన్నేమో."

"ఏమో."

"పడెటోన్నేమో."

"ఏమో," అంది హిమజ. సంచీ భుజాన వేసుకుంది. పదహారో ఇంటికి పోవాలి. గోడ దగ్గర మొగిలి ముందు ఒక్క క్షణం ఆగింది. అతని చేతులకున్న పత్తిచేను మట్టి చూసి, తల దించుకుని పోయింది.

పోశాలు లేచాడు. వాకిలి దాటి గోడ దగ్గరికి వచ్చాడు. మొగిలి అలవాటు కొద్దీ కాళ్ళు చూశాడు. అడుగడుగుకూ ముందు చిన్న ఆగుడు. ఆ తర్వాత పాదం సరిగ్గా ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. రాళ్ళు, బురద, తడిసిన మొద్దు, ఏదీ తప్పలేదు. అట్లాంటి కాళ్ళతో వనంలో ఏ చెట్టయినా ఎక్కొచ్చు. ఎక్కడానికి ఒక్క చెట్టూ లేదు.

గోడకు అటొకడు, ఇటొకడు.

"అందరు నీదే నిజమంటరు ఇగ," అన్నాడు పోశాలు. "పంతులు సచ్చె, నీది నిజమాయె. నాకు గది గాదు కావాల్సింది. నా దిక్కు చూసి చెప్పు. మోకు ఎందుకు కోసినవు? నేను పడ్తననా? ఎక్కుతననా?"

మొగిలి చూశాడు. ఆ పొద్దుటిని వెతికాడు. ఈ మూడు నెలలుగా ఎన్నిసార్లు వెతికాడో లెక్క లేదు. తమ్ముడు పడతాడన్న భయం ఉంది. వనమంతా నవ్విన నవ్వు ఉంది. ఇరవై ఎనిమిది చెట్లు కూడా ఉన్నాయి, లేవని అనలేడు. కత్తి కూడా ఉంది. అన్నీ ఉన్నాయి. వీటిలో ఏది ముందొచ్చిందన్నదే దొరకదు. ఒకసారి చూస్తే భయం ముందూ కత్తి వెనకా. ఇంకోసారి చూస్తే కత్తి ముందే ఉంటుంది, తక్కినవన్నీ తర్వాత వచ్చి దాని పక్కన నిలబడతాయి.

"తెల్వది," అన్నాడు.

పోశాలు మొహంలో ఏదో పూర్తిగా ఆరిపోయింది.

"అబద్ధమన్న ఆడకపోతివి," అన్నాడు. వెనక్కి తిరిగి, ఆగి ఆగి సరైన అడుగులు వేసుకుంటూ ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు.